దంతెకొచ్చిన గుల్లల కూర

నా చిన్నప్పుడు మా కొల్లేటికోటలో వేసవికి నీళ్లు తగ్గి చేపలు కరువైతే మా ఇంట్లో కూర గుల్లలే. గుల్లలంటే కొల్లేటి బురదలో పెరిగే ఆల్చిప్పలు. మా అమ్మమ్మ మొలలోతు నీళ్లలో నిలబడి అరికాలితో బురద తడిమి వాటిని తీసేది. అరచేతికి నిండని గుల్లను ఎంత కటకటలాడే రోజైనా నీళ్లలోకే వదిలేసేది.

ఒక వేసవిలో తాడేపల్లిగూడెం నుంచి, గుల్లల చిప్పలు కాల్చి సున్నం తీసే బట్టీల కాంట్రాక్టరొకడు పడవలకు ఇనప పళ్ల దంతెలు కట్టించుకుని దిగాడు. మనిషి కంటే ముందు పొట్ట వచ్చేది. దంతె లాగితే చిన్నా పెద్దా అన్నీ ఊడ్చుకుని వచ్చేసేవి. మా ఊరి పెద్దలేమో వాటా అనే మాట వినగానే చొంగ కార్చుకుంటూ తలూపారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ ఏవగింపే. అలా ఇంకో నెల లాగితే ఇక ఏ వేసవికీ మాకు కూర ఉండదు.

అంతలో ఆ కాంట్రాక్టరుకు గుల్లల కూర మీద మనసు పోయింది. వండిపెట్టమని మా అమ్మమ్మకు కబురంపాడు. ఆవిడ మారుమాట లేకుండా ఒప్పుకుని, పెద్దలను కూడా భోజనానికి పిలిచింది. దంతెలు ఒడ్డున పోసిన కుప్పలోంచి గోరంతేసి పిల్లగుల్లలు ఏరి తెచ్చి, చిప్పలతోనే మామిడికాయ వేసి వండింది.

విస్తళ్ల నిండా చిప్పలే. వెతికి వెతికి కొరికితే పంటికింద ఇసుక. ఇదేం కూరని కాంట్రాక్టరు కసిరాడు.

“మీ దంతెకొచ్చినవేనండీ. ఇంకాస్త వేసుకోండి, వచ్చే ఏడాదికి ఇవి కూడా ఉండవు కదండీ” అంది అమ్మమ్మ, గరిటె పట్టుకుని.

మర్నాడే పెద్దలు పడవలు తీసెయ్యమన్నారు. సిగ్గుపడి కాదు, అంత సిగ్గు వాళ్లకెక్కడిది? తమ విస్తట్లోకి కూడా ఏమీ రాదని తెలిసొచ్చి.

ఇప్పుడు మా మనవడు ఉండిలో రొయ్యల వ్యాపారం చేస్తూ దేశదేశాల కబుర్లు చెబుతుంటాడు. కొన్నిచోట్ల సముద్రపు అడుగు గీకి గీకి ఆల్చిప్పలను ఖాళీ చేసి, ఇప్పుడు నీళ్లలోకి తాళ్లు వేలాడదీసి వాటికి పట్టించి పెంచుకుంటున్నారట. కొన్నిచోట్ల ఇంత సైజుకు తక్కువైతే తీయకూడదని రూల్సట. అంతా ఊడ్చుకు తిన్నాక రూల్సు పెట్టడం, అదో ఘనకార్యంలా చెప్పుకోవడం! వింటే నవ్వొస్తుంది, మంచి నవ్వు కాదు.

అత్యాశ మనిషి ఎదురుపడితే ఈ వయసులోనూ నేను వాదించను, తిట్టను. రండి, కూర్చోండి అంటాను. వాడు చేసిందేదో వాడికే వడ్డిస్తాను.