శామీర్‌పేట దిగుడులో న్యూట్రల్

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు కారులో పోతే అరగంట. అయినా ఆ ఆదివారం కారు ఇంట్లోనే ఉంచి, ఉదయం తొమ్మిదీ ఇరవైకి షేర్ ఆటో ఎక్కాను. మెకానిక్ యాదగిరి గారి దగ్గర తప్పు ఒప్పుకోవాలి. కారులో వెళ్తే సగం దారిలో వెనక్కి తిప్పేస్తానని నా మీద నాకే అనుమానం.

దిగుడు వస్తే కారును గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేయడం నా పాత అలవాటు. పెట్రోలు మిగులుతుందని, గేర్‌బాక్సు అరగదని పక్కవాళ్లకు పాఠాలు కూడా చెప్పేవాణ్ణి. రెండు నెలల కిందట శామీర్‌పేట దిగుడులో బ్రేకు సరిగా పట్టలేదు. పక్కన నా భార్య ఉంది. కంకర కుప్ప అడ్డుపడి బతికాం. ఆ కోపంలో, యాదగిరి నకిలీ బ్రేకు ప్యాడ్లు వేశాడని కాలనీ వాట్సాప్ గ్రూపులో రాశాను.

వారం తిరక్కుండా మేడ్చల్ మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. ప్యాడ్లు అసలువే. వేడికి గాజులా నునుపెక్కి పట్టు కోల్పోయాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఈ మాట యాదగిరి గారు ప్యాడ్లు వేసిన రోజే చెప్పారు. నేను నవ్వాను. నిజం తెలిశాక కూడా ఏడు వారాలు నోరు మెదపలేదు.

ఆటోకు నలభై రూపాయలు. నా పక్కన ఆకుకూరల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. దిగుడు రాగానే డ్రైవరు న్యూట్రల్ చేశాడు. ఆమె అతని భుజం తట్టింది.

"ఏంది బిడ్డా, మమ్ముల దేవునికి ఒప్పజెప్తున్నవా?"

"ఉత్తగనే ఉరుకుతది అవ్వా, డీజిల్ మిగులుతది."

"డీజిల్ మిగులుతది. మేం మిగుల్తమా?"

అందరూ నవ్వారు. నేను ఆటో బయటికి చూస్తూ కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

పదింటికి శామీర్‌పేటలో యాదగిరి గారి షెడ్డు చేరాను. ఎప్పుడూ నాలుగైదు కార్లుండే వాకిట్లో ఒకటే ఉంది. మా కాలనీవి ఒక్కటీ లేవు. యాదగిరి గారు చక్రం బోల్టులు విప్పుతూ తల ఎత్తకుండానే నేను చెప్పిందంతా విన్నారు.

"దిగుడుల గేర్ల ఉండుమని చెప్పిన గద సార్."

"చెప్పారు. ఆ సంగతే దాచాను."

"ఇగ నాకు జెప్తె ఏమొస్తది? ఏడ పెట్టిండ్రో ఆడనే పెట్టుండ్రి."

అక్కడే స్టూలు మీద కూర్చుని గ్రూపులో పెట్టాల్సిన మాటలు రాసి చూపించాను. ఆయన నూనె చేయి తుడుచుకుని చదివారు. ఆయనంతటి పనివాడు ఈ చుట్టుపక్కలే లేడని రాసిన వాక్యం దగ్గర వేలు ఆపారు.

"గిది తీసెయ్‌రి. ఉన్నది ఉన్నట్టు ఉంటె సాలు."

తీసేసి పంపాను. క్షమించానని ఆయన అనలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు.

పదకొండూ నలభైకి తిరుగు బస్సు దొరికింది. టికెట్టు ముప్ఫై. దారిలో మరో దిగుడు వచ్చినప్పుడు డ్రైవరు గేరు తగ్గించాడు. ఇంజిన్ మూలుగుతూ బస్సును పట్టి దింపింది. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న దారిలో ఆ చప్పుడు నేను చెవి పెట్టి విన్నది ఆ రోజే.

నా పాత అబద్ధానికి గ్రూపులో క్షణాల్లో జవాబులు వచ్చాయి. ఈ నిజానికి గంట దాటాక ఒకటే వచ్చింది, పక్కింటాయన నుంచి: "మీ మాట నమ్మి దుండిగల్‌లో మా ఆఫీసు వాళ్లకు కూడా వెళ్లొద్దని చెప్పాను. ఇప్పుడు వాళ్లకెవరు చెప్తారు?"

నేనే చెప్తాను, నంబర్లు పంపమన్నాను. మేడ్చల్‌లో దిగేసరికి ఆరు నంబర్లు వచ్చాయి. ఇంటికి వెళ్లాక చేద్దామనిపించింది. ఆ వాయిదా సంగతి నాకు తెలుసు గనుక, బస్టాపులోనే నిలబడి మొదటి నంబరు నొక్కాను.