ఎడమ సగం ఖాళీగా వచ్చిన గడి

మా బావ తయారుచేసిన పదాల గడి ఆ ఆదివారం పొద్దున్న ఎప్పటిలాగే మెయిల్లో వచ్చింది. కాఫీ తాగుతూ తెరిచాను. పదమూడు అడ్డం, పదమూడు నిలువు గళ్ళు. కుడివైపు నల్లగళ్ళు, తెల్లగళ్ళు, అంకెలు అన్నీ కుదురుగా ఉన్నాయి. ఎడమ సగంలో ఒక్క నల్లగడి లేదు, ఒక్క అంకె లేదు. అంతా తెల్లగా ఖాళీ.

నాకు భయం వేయలేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటాను. సంబరపడ్డాను. ఈసారి బావ మామూలు మెలిక పెట్టలేదు, చూసుకుందాం అనుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

బావ అంటే మా పార్వతక్క భర్త సన్యాసినాయుడు. స్టీల్ ప్లాంట్‌లో రోలింగ్ మిల్లులో పని. ఉక్కునగరంలో క్వార్టరు. వాళ్ళకి పిల్లల్లేరు. రోజంతా ఎర్రగా కాలిన ఇనుము మధ్య తిరిగి వచ్చే మనిషికి ఈ గళ్ళపిచ్చి ఎలా పట్టిందో తెలియదు గానీ, నాకు అంటించింది మాత్రం ఆయనే. నేను వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాని. ఇంటికి కంప్యూటర్ కొన్న కొత్తలో నన్ను తన గుంపులో చేర్చాడు. వేర్వేరు ఊళ్ళలో ఉన్న ముప్ఫైమంది దాకా తెలుగువాళ్ళం. చాలామందిమి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వారానికొకరు గడి కూర్చి పంపుతారు, మిగతావాళ్ళు నింపాలి. ఆధారాలు సూటిగా ఉండవు. "చివరన, నడక తిరగబడింది, మూడక్షరాలు" అని ఇస్తారు. నడకని వెనక నుంచి చదివితే కడన, అంటే చివరన. ఇలాంటి ఒక్కటి విడిపోతే ఆ రోజు ఆఫీసులో ఎవరు కసిరినా పట్టేది కాదు.

మా గుంపుకి రెండు కట్టుబాట్లు ఉండేవి. గడి కూర్చినవాడు ఎవరికీ జవాబు బయటపెట్టకూడదు, ఎంత బతిమాలినా చిన్న సూచనే ఇవ్వాలి. రెండోది, గడిలో కనిపించే ఏ వింతనీ పొరపాటు అనకూడదు. కూర్చినవాడికి తెలిసే పెట్టాడనుకుని, ఎందుకు పెట్టాడో ఆలోచించాలి. రెండోది మా బావ పెట్టిన నియమమే.

కుడి సగం మధ్యాహ్నానికల్లా అందరం నింపేశాం. ఆ తర్వాత ఎడమ సగం మీద పడ్డాం. ఉండబట్టలేక బావకి ఫోన్ చేశాను.

"బావా, ఎడంపక్క ఖాళీ ఏటి?"

"ఖాళీ ఏటి బావా? నిండుగానే పంపినాను కదేటి. సరీగ్గా సూడు."

ఆ మాట గుంపులో పెట్టాను. "నిండుగానే ఉందన్నాడంటే అదే సూచన" అన్నారు అందరూ. రాజమండ్రిలో ఉండే లెక్కల మాస్టారు ఒకాయన, మా అందరిలోకీ పెద్ద, నాలుగు పేజీల సిద్ధాంతం రాశారు. నేను తగ్గుతానా? రెండు వారాలు కూర్చున్నాను. కుడివైపు ఉన్న ప్రతి మాటకీ ఎదురుగా, అద్దంలో కనిపించినట్టు, వ్యతిరేకపదం పెట్టుకుంటూ పోతే ఎడమ సగం దాదాపు నిండింది. కుదరని చోట కుదిర్చాను. గుంపులో అందరూ నన్ను మెచ్చుకున్నారు. మాస్టారు "ఇది నీ జీవితంలో ఉత్తమమైన పూరణ" అని రాశారు.

ఆ రెండు వారాల్లోనే అక్క ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, మీ బావ ఎలాగో ఉన్నాడ్రా. కంచంలో ఎడంపక్క అన్నం అలాగే వదిలేత్తన్నాడు. అడిగితే అంతా తినీసినానంతన్నాడు. గుమ్మంలో బుజం గుద్దేసుకుంతన్నాడు."

నేను నవ్వాను. "బావ బుర్రంతా గడిలో ఉందే, కంచం ఎక్కడ కనిపిస్తాది?" అన్నాను.

నింపిన గడిని ప్రింటు తీసుకుని నేనే ఉక్కునగరం వెళ్ళాను. బావ చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. "బాగుంది బావా" అన్నాడు. అంతకంటే ఏమీ అనకపోతే, ఓడిపోయినందుకు ఉక్రోషం అనుకున్నాను. నేను నింపిన వైపు ఆయనకి అసలు కనిపించలేదు.

ఆ గురువారం గాజువాకలో ఎడమవైపు ఆగి ఉన్న ఆటోని స్కూటర్‌తో గుద్దాడు. మోకాలు చీరుకుపోయింది, నుదురు బొప్పి కట్టింది. దెబ్బలు చిన్నవే గానీ, "ఆటో ఎక్కడుంది? అక్కడేటీ నేదు" అని పదేపదే అంటూంటే కట్టు కట్టిన డ్యూటీ డాక్టరుకి అనుమానం వచ్చింది. సీటీ స్కాన్ తీయించాడు. ఫిల్ము చూసి, "రైట్ పెరైటల్‌లో, అంటే మెదడు కుడిపక్క, ఏదో ఉంది, ఎమ్మారై కావాలి, న్యూరోసర్జన్‌కి చూపించండి" అన్నాడు.

న్యూరోసర్జన్ నెమ్మదైన మనిషి. బావ ముందు తెల్లకాగితం పెట్టి, "ఒక గడియారం బొమ్మ గీయండి నాయుడుగారూ, అంకెలన్నీ వెయ్యండి" అన్నారు. బావ గుండ్రంగా గీశాడు. పన్నెండు, ఒకటి, రెండు అని మొదలుపెట్టి పన్నెండు అంకెల్నీ కుడివైపే ఒకదాని కింద ఒకటి ఇరికించేశాడు. ఎడమ సగం తెల్లగా ఉండిపోయింది. పెన్ను కింద పెట్టి, "అయిపోనాది" అన్నాడు.

ఆ కాగితం నా చేతిలోకి తీసుకున్నాను. పదిహేను రోజులు నేను తలపట్టుకుని ఆలోచించింది దీని గురించే. మా అక్క వంటింట్లో నిలబడి కనిపెట్టింది కూడా దీన్నే.

"దీన్ని లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటారు" అన్నారు డాక్టరుగారు. "కంటి జబ్బు కాదు. ఎడమవైపు అనేది ఒకటి ఉందని మెదడు మర్చిపోతుంది. ఏదో లోపించిందని పేషెంటుకి తెలియదు. ఆయన్ని అడిగితే అంతా బాగానే ఉందంటారు."

వారంలో ఆపరేషన్ అయింది. క్రేనియాటమీ అన్నారు, పుర్రె తెరిచి చేసేది. ఐసీయూ బయట అక్కా నేనూ రెండు రోజులు బెంచీ మీద కూర్చున్నాం. అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. బయాప్సీ రిపోర్టులో గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ ఫోర్ అని వచ్చింది, మెదడు కేన్సర్లలో అన్నిటికంటే మొండిది. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. "తీయగలిగినంత తీశాం. ఇది మళ్ళీ వస్తుంది. రేడియేషన్, కీమో ఇస్తే కొన్ని నెలలు బాగుంటారు. ఆ నెలల్ని వాడుకోండి" అన్నారు.

రేడియేషన్ ఆరు వారాలు. తలకి కొలతపెట్టి చేసిన తెల్లటి మాస్కు బిగించి పడుకోబెట్టేవారు. జుట్టు ఒకవైపే రాలింది. స్టెరాయిడ్స్‌తో మొహం ఉబ్బిపోయి, అద్దంలో చూసుకుని "ఎవుడీడు?" అని నవ్వేవాడు. కీమో మాత్రలు వేసుకున్న రోజుల్లో ఆ నవ్వు కూడా ఉండేది కాదు. మంచినీళ్ళు కూడా కక్కుకునేవాడు. అక్క కంచం తిప్పి పెట్టడం నేర్చుకుంది. సగం తినగానే కంచాన్ని సగం చుట్టు తిప్పేది, అప్పుడు మిగిలిన అన్నం ఆయనకి కనిపించేది.

రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒకమ్మాయి పేజీ ఎడమ అంచున ఎర్ర టేపు అంటించింది. "ఏది చదవాలన్నా ముందు ఎర్ర గీత దొరికేదాకా తల తిప్పండి అంకుల్, గీత కనిపించాకే మొదలుపెట్టండి" అంది. వారం రోజులు దొరకలేదు. ఒకరోజు మెడ కష్టంగా తిప్పి తిప్పి, "ఇదుగో, పట్టీసినాను!" అని అరిచాడు. అక్క చెంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

గుంపుకి నేను రాయాల్సిన మెయిల్ మూడు వారాలు రాయలేకపోయాను. చివరికి రాశాను. మనం విప్పింది గడి కాదు, మా బావ తలలో ఉన్న ట్యూమర్‌ని చూసి మెచ్చుకుంటూ కూర్చున్నాం, అందరికంటే ఎక్కువ మెప్పు పొందింది నేనే అని రాశాను. ఐదోరోజు మాస్టారు ఫోన్ చేసి, బావకి పేజీలో ఎంతవరకు కనిపిస్తోందని అడిగారు. తర్వాత వాళ్ళంతా కలిసి ఒక పని చేశారు. ఆధారాలన్నీ, గళ్ళన్నీ కుడివైపే ఉండేలా మా బావ కోసం ప్రత్యేకంగా ఒక గడి కూర్చి పంపారు.

నేను దాన్ని ప్రింటు తీసుకెళ్ళి ఎంతో ఆశగా ఆయన ముందు పెట్టాను. టేపు కోసం వెతికాడు, అంచు చూశాడు, మళ్ళీ కుడివైపు వచ్చాడు. విషయం అర్థమైంది. మొహం ఎర్రబడింది.

"నాకు ముష్టి ఏత్తన్నారేటి? ఎడంపక్క ఉందని మీరు సెప్పండి, ఎతుక్కోడం నా పని. నిండు గడి పంపమను."

పంపారు. బావ క్వార్టరులో, సాయంత్రం పూట, కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఆ నాలుగైదు నెలలు నిండు గళ్ళే నింపాం. ఒక గడికి ఒకప్పుడు గంట పట్టేది, ఇప్పుడు పది రోజులు పట్టేది. అడ్డం మాటల మొదటి అక్షరాలు పట్టుకోడానికి ప్రతిసారీ మెడ తిప్పుకుంటూ వెళ్ళేవాడు. నాకు జవాబు తెలిసినా నోరు నొక్కుకునేవాణ్ణి. ఎందుకంటే ఒకసారి పొరపాటున చెప్పేశాను, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆ నెలల్లో మేం సంతోషంగా ఉన్నాం. చెప్పడానికి సిగ్గేం లేదు.

తర్వాత ఫిట్స్ మొదలయ్యాయి. ఎడమ చేయి కొట్టుకునేది, అది తనదని ఆయనకి తెలిసేది కాదు. "ఈ సెయ్యి ఎవుడిది, తీసీమను" అనేవాడు అక్కతో. మళ్ళీ ఎమ్మారై తీశారు. "రికరెన్స్, మళ్ళీ వచ్చింది" అన్నారు డాక్టరుగారు. రెండో ఆపరేషన్ వల్ల బాధే తప్ప ఉపయోగం ఉండదన్నారు. మార్ఫిన్ ఇచ్చారు. ఆఖరి పది రోజులూ మాట లేదు. ఆపరేషన్ అయిన పదకొండో నెలలో, పొద్దున్న అక్క మొహం తుడుస్తూండగా పోయాడు.

కర్మకాండలు అయ్యాక డాక్టరుగారి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఆ రెండు వారాలు ముందు తీసుకొచ్చి ఉంటే బతికేవాడా అని అడిగాను. "ఈ జబ్బులో రెండు వారాలు ఫలితాన్ని మార్చవు. మీరు మోయాల్సిన బరువు కాదిది" అన్నారు. ఆ మాట అక్కకి చెప్పాను. మనసు తేలికపడుతుందనుకున్నాను, తనకో, నాకో.

అక్క నిదానంగా వింది. "డాక్టరు సెప్పింది నిజవేరా తమ్ముడూ. బతకడని నాకూ తెలుసు. గానీ నాను నీకు సెప్పినాను కదా. నువ్వు నవ్వినావు" అంది.

అక్క ఇప్పుడు భీమిలిలో ఉంటూ కుట్టుపని చేసుకుంటోంది. నెలకి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి చూసి వస్తాను. బాగానే మాట్లాడుతుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇది చదివేవాళ్ళకి ఒక్కటే చెప్పగలను. మీకు బాగా తెలిసిన మనిషి చేసే పనిలో తేడా కనిపిస్తే దానికి అర్థాలు వెతక్కండి. మెయిల్ రాసి ఊరుకోకండి. ఫోన్ చేయండి, ఆ మనిషితోనే కాదు, ఆ ఇంట్లో ఇంకొకరితో కూడా మాట్లాడండి. జబ్బు పడ్డవాడికి తెలియనిది పక్కవాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళు చెప్పింది ఎంత చిన్నదైనా, కంచంలో మిగిలిన అన్నమైనా సరే, డాక్టరుకి చెప్పండి.

నేనింకా ఆ గుంపులోనే ఉన్నాను. మా రెండో కట్టుబాటు తీసేశాం. మొన్నామధ్య నెల్లూరులో ఉండే పెద్దావిడ పంపిన గడిలో కింద నాలుగు వరసలు ఖాళీగా ఉన్నాయి. వెంటనే ఫోన్ చేశాను. ముందు కోడలితో మాట్లాడాను, అన్నం సరిగ్గా తింటున్నారా, నడక ఎలా ఉంది అని అడిగాను. పెద్దావిడ ఫోన్ లాక్కుంది. "ఏందబ్బాయ్, ఊరగాయలు పెట్టుకుంటా తీరిక లేక వదిలేస్తే నాకు రోగమంటావా? నీకేమన్నా మతి పోయిందా?" అని చెడామడా తిట్టింది.

తప్పైపోయిందమ్మా అన్నాను. ఆ తిట్లు నేను గడి వచ్చిన ఆదివారమే మా బావ దగ్గర తినాల్సింది.