కొసరు కొలిచిన ఇరవై నాలుగు రోజులు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు మద్దిలపాలెంలోని ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చుని మాత్రల అట్టలు లెక్కపెడుతున్నాను. షాపు యజమాని తన భోజనం పొట్లాలు విప్పాడు. ముందు రబ్బరు బ్యాండు టప్పుమన్న చప్పుడు, వెంటనే వేడి సాంబారు వాసన, దానితోపాటే వేడెక్కిన ప్లాస్టిక్ కవరు వాసన. నూట పన్నెండో అట్ట దగ్గర నా లెక్క తప్పింది. ముప్ఫై నాలుగేళ్లు పోర్టులో బస్తాలు లెక్కపెట్టినదాన్ని, నాకు లెక్క తప్పే అలవాటు లేదు. మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టాను. కాని మనసు నూకరత్నం కర్రీ పాయింటు దగ్గరే నిలబడిపోయింది.

ఆ కొట్లో నేను పనికి చేరింది నాలుగేళ్ల కిందట, జూన్ నెల రెండో సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి. అప్పటికి నేను రిటైరై పదకొండు నెలలు. పోర్టులో సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో టాలీ క్లర్కుని. ఓడలోంచి లారీకి, లారీలోంచి గోడౌనుకు వెళ్లే ప్రతి బస్తాకూ ఒక నిలువు గీత, నాలుగు గీతలయ్యాక వాటి మీదుగా అడ్డంగా అయిదోది. ఎండాకాలం, తుఫాను కాలం అదే పని. పెళ్లి చేసుకోలేదు, చేసుకోలేదన్న దిగులూ లేదు. రిటైరయ్యాక మాత్రం పొద్దున్నే తయారై కూర్చునేదాన్ని, ఎందుకు తయారయ్యానో తెలిసేది కాదు. ఇంటికి మూడు వందల అడుగుల దూరంలో, బస్సు డిపోకు వెళ్లే సందు మొదట్లో నూకరత్నం కొట్టు. రోజూ ఒక పప్పు, ఒక కూర తెచ్చుకునేదాన్ని. ఒకరోజు ఆమె దగ్గర పనిచేసే మనిషి కూతురి పురిటికని వెళ్లిపోయింది. పొట్లం నా చేతికి ఇస్తూ రత్నం, "ఇంటికాడ కూకుని ఏటి సేత్తన్నారమ్మా? రేపట్నుంచి రండి, నాకు మనిషి కావాల" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "నిజంగానే అంటన్నాను. ఇన్నాల్లొచ్చి ఒక్కరోజు ఆలిస్యం అవ్వనేదు మీరు. అలాంటోల్లు నాకు దొరకరు."

రత్నానికి అప్పటికి నలభై ఆరేళ్లు. సబ్బవరం దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పుట్టి, పెళ్లయ్యాక ఈ ఊరు వచ్చింది. మనిషి పొట్టి. కౌంటరు వెనక ఇటుకల మీద చెక్క వేయించుకుని, దాని మీద నిలబడి కూరలు వడ్డించేది. మధ్యాహ్నం పదకొండున్నర నుంచి రెండున్నర వరకు వచ్చే నూట నలభై మందిలో (నేను లెక్కపెట్టాను, సగటున నూట ముప్ఫై ఎనిమిది) ఎవరికి ఏ కూర పడదో, ఎవరింట్లో ఎవరు మంచాన ఉన్నారో, ఎవరు ఆ పూట ఉపవాసమో ఆమెకు తెలుసు. పేర్లు చాలామందివి తెలియవు. చూడగానే గరిటె ఎంత లోతుకు దిగాలో ఆమె చేతికి తెలిసేది. ఒకసారి ఒకాయన కారు ఆపి, దిగి, నాలుగు రకాలు కట్టించుకుని వెళ్లాడు. రత్నం గరిటె అంచు దాటి ఒక్క బద్ద ఎక్కువ వెయ్యలేదు. ఎందుకలా అన్నాను. "కారు దిగినోడికి కొసరెందుకమ్మా, ఆడు సూడడు కూడాను" అంది. ఆ వెనకే డిపోలో ఊడ్చే ఆవిడ వచ్చింది. గరిటె వేసి, మళ్లీ సగం వేసి, ఆవిడ చూసేలోపే కవరు మెడ మెలిపెట్టేసింది.

మొదటి నాలుగు రోజులూ నాకు పొట్లాలు కట్టే పని. కవరులో గాలి నిలిచేలా మెడ తిప్పి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు వేసి వదలాలి. ఆ పని బాగానే పట్టుబడింది. అయిదో రోజు శుక్రవారం రత్నం నన్ను పప్పు గిన్నె దగ్గర నిలబెట్టి, తను వేపుళ్ల వైపు వెళ్లింది. అక్కడ మొదలయ్యాయి తిప్పలు. గరిటెను గిన్నె అంచుకు గీసి చదును చేసి ఒక్కొక్కరికీ సరిగ్గా ఒక గరిటె వేశాను. లైను సందు మలుపు దాటింది. పోర్టులో నేను ఆలస్యం చేస్తే లారీ ఆగేది, డ్రైవరు ఇంజను ఆపుకుని బీడీ వెలిగించేవాడు. ఇక్కడ ఆగినవాళ్లు ఆకలి మీద ఉన్నారు.

సాయంత్రం రత్నం మెల్లగా చెప్పింది. "పప్పు బాగానే ఏత్తన్నారు. కొసరెయ్యడం నేదు."

"ఎంత వెయ్యాలో చెప్పు, వేస్తాను."

"ఎంతేటమ్మా. మనిషిని సూసి."

మనిషిని చూడటం నాకు రాదు. చూసినా అందులోంచి గరిటె లోతు కనిపించదు. రెండో వారం సోమవారం ఇంటి నుంచి ఒక స్టీలు చెంచా తీసుకెళ్లాను. గరిటె వేశాక ఒక చెంచా నిండుగా, అందరికీ ఒకటే. ఎవరికీ ఎక్కువా తక్కువా లేదు, న్యాయంగా ఉందనుకున్నాను. మూడో రోజుకే డిపో కండక్టరొకాయన వెనకవాడి వైపు తిరిగి, "సూడు బావా, మామ్మగారు కొసరు కూడా తూకమేసి ఇత్తన్నారు. టిక్కెట్టు కూడా కొడతారేమో" అన్నాడు. లైనంతా నవ్వింది. నాకు చెవులు కాలాయి. రత్నం వేపుళ్ల దగ్గర్నుంచి, "నీకు మాత్తరం చిల్లరివ్వడం ఒచ్చేటి? రోజూ జనం దెబ్బలాడతారు నీతోటి" అని అతని నోరు మూయించింది. తర్వాత నాతో ఒక్క మాటే అంది. "అందరికీ ఒకలాగే ఏత్తే అది కూడా కొలతే అయిపోద్దమ్మా." చెంచా మాత్రం తియ్యమనలేదు.

నేను మానలేదు. అరవై ఒకటో ఏట, ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు తర్వాత, పప్పు వెయ్యడం రాలేదని వెనుదిరగడమా? ఆ పట్టుదలతోనే మూడో వారం, నాలుగో వారం గడిపాను. రోజూ రాత్రి వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ రాసుకునేదాన్ని. నా కౌంటరుకు అలవాటుగా వచ్చేవాళ్లలో పదకొండు మంది ఎదుటి కొట్టుకు మళ్లారు. రత్నం ఆ మాట ఎత్తలేదు. ఎదుటి కొట్టు ముందు వాళ్లు నిలబడి ఉండటం మా ఇద్దరికీ కనిపించేది.

నాలుగో వారం శనివారం, నా ఇరవై నాలుగో రోజు. పన్నెండున్నరకి రత్నం నా చేతిలోంచి గరిటె తీసుకుని, ఒక క్యారేజీ ఇచ్చింది. "ఎల్లి లైన్లో నిలబడండి. మా కొట్లో పన్జేసినోల్లందరూ నెల తిరిగేలోగా ఒకసారి లైన్లో నిలబడి కొనుక్కోవాల. అదిక్కడ రూలు." నాకు నచ్చలేదు. పని ఎగ్గొట్టినట్టుంటుందన్నాను. "రూలంటే మీకు ఇష్టవే కదా" అంది. వెళ్లి నిలబడ్డాను. నా ముందు పదమూడు మంది.

సరిగ్గా నా ముందు ఉన్నది డిపో గోడవార కుట్టుమిషను పెట్టుకునే ముసలాయన. అందరూ తాత అంటారు. రోజూ ఒక్క పప్పు పొట్లం కొంటాడు, మాట్లాడడు. నా పప్పు గిన్నె దగ్గర రత్నం నిలబడి ఉండటం చూసి, "ఈయేళ ఆ పెద్దమ్మ రానేదేటి?" అన్నాడు. వెనక ఉన్న నన్ను ఆయన చూడలేదు. రత్నం చూసింది, చూసినట్టు కనబడలేదు.

"పనిమీదెల్లింది. ముసల్ది ఎలగుంది తాతా?"

"మంచం దిగట్నేదు. నిన్న దానికి పెట్టీసి నాను మజ్జిగన్నం తినీసేను."

రత్నం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత గరిటె వేసింది. మళ్లీ వేసింది. మళ్లీ సగం. గరిటెల లెక్కలో నా కన్ను మోసపోదు. రెండున్నర. ఆ ఒక్క పొట్లం ఇద్దరి భోజనం. నేను చేరకముందు ఆయనకు రోజూ రెండున్నర పడేదన్నమాట. నేను వచ్చాక ఒకటీ, ఒక చెంచా. తాత పొట్లం పట్టుకుని పక్కకి తిరిగాడు, నన్ను చూశాడు, తల ఊపాడు. క్యారేజీ రత్నానికి తిరిగి ఇచ్చేసి లోపలికి వెళ్లి, రెండున్నర వరకు పొట్లాలు కట్టాను.

కొట్టు కట్టేశాక మేమిద్దరం వంటగది గుమ్మంలో కూర్చున్నాం. నేను తినలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్తే మీరు రాసీసుకుంటారు. తాతకి రెండున్నర అని. రేపు ముసల్దాన్ని కూతురు తీసుకెల్లిపోయినా రెండున్నరే ఏత్తారు." కంచం నా వైపు జరిపి, "సూసి తెలుసుకుంటారులే అనుకున్నాను. నాలుగు వారాలు ఊరుకున్నాను. ఆ తప్పు నాది" అంది.

"నన్ను వెనక్కి వెయ్యి రత్నం. కూరగాయల లిస్టు రాస్తాను, సామాను చూస్తాను."

"ఏత్తాను. ఎనక్కేత్తే మీరు వంకాయలు లెక్కెడతారు. నాకు వంకాయల లెక్క అక్కర్నేదు. జాలిపడి కూకోబెట్టినట్టవుద్ది. అలగ కూకుంటారేటి?"

ఆమె అడగడం ఆపలేదు. "ఒకటి సెప్పండి. పొద్దున్న ఇంటికి తాళవేసి ఇటొచ్చేటప్పుడు ఏటనుకుంటారు?"

"ఇవాళ ఎన్ని తప్పులు చేస్తానో అనుకుంటాను."

"పోర్టుకెల్లేటప్పుడో?"

ఆలోచించాను. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్క పొద్దున్నయినా జ్ఞాపకం చేసుకుందామని చూశాను. "ఏమీ అనుకునేదాన్ని కాదు" అన్నాను.

"మరింకేటి?" అంది రత్నం. "పని రానోల్లకి నేర్పుతాను. మీకు రాకపోవడం కాదు, మీకు పడదు. ఇంకో ఏడాది పీక్కుంటే వచ్చీసినట్టే ఉంటాది. అప్పుడు పోర్టులో నువ్వు ఎలగుండేదానివో అది కూడా మర్చిపోతావు." అంతవరకూ నన్ను మీరనే అనేది. ఆ రోజు మొదటిసారి నువ్వు అంది. ఆ మాటలో మర్యాద తగ్గినట్టు తోచలేదు.

ఆదివారం కొట్టుకు సెలవు. ఆ రోజంతా రెండు వైపులా లెక్క వేశాను. మానేస్తే మళ్లీ పొద్దున్నే తయారై ఊరికే కూర్చోవాలి, అది నాకు భయం. ఉంటే రత్నం మొహం చూస్తూ రోజూ పనికొచ్చే మనిషిలా నటించాలి. మొదటిది నా ఒక్కదాని ఇబ్బంది. రెండోదానికి తాతలాంటి వాళ్లు తమ కంచంలోంచి తీసి చెల్లించాలి. ఆ తేడా స్పష్టంగా కనిపించాక నిద్ర పట్టింది.

సోమవారం తొమ్మిదీ ఇరవైకి వెళ్లి మానేస్తున్నానని చెప్పాను. రత్నం బతిమాలలేదు, మంచిదనీ అనలేదు. "తినీసి ఎల్లు" అంది. ఉప్మా పెట్టింది. అక్కడి నుంచి డిపో గోడ దగ్గరికి వెళ్లి తాతకు జరిగింది చెప్పాను, తప్పు నాదన్నాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే, "కొత్త మనిషి, సెయ్యి ఇంకా తిరగనేదులే అనుకున్నానమ్మా" అన్నాడు. తిరుగుతుందని ఆయన నెలపాటు ఓపిక పట్టాడు. తిరగదని రత్నానికి అర్థమైంది. ఇద్దరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు.

అయిదు వారాల తర్వాత ఈ మందుల షాపుకు నన్ను పంపింది కూడా రత్నమే. నెలాఖరుకు సరుకు సరిచూడటానికి మనిషి కావాలని యజమాని ఆమె లైన్లో నిలబడి అంటే, "లెక్కంటే మా పిన్నమ్మే" అందట. పోయినేడాది ఆమె కొట్టు ఉన్న భవనం పడగొట్టారు, రత్నం తగరపువలస వెళ్లి సంత దగ్గర కొట్టు పెట్టుకుంది. నెలకోసారి బస్సెక్కి వెళ్తాను. లైన్లో నిలబడతాను. నా వంతు వచ్చేసరికి ఆమె కళ్లు నా మొహం మీద ఒక్క క్షణం ఆగుతాయి, గరిటె దిగుతుంది. ఎంత పడిందో నేను చూడను. ఈ మధ్య ఎవరైనా కొత్త ఉద్యోగం సరిపడటం లేదని నా దగ్గర అంటే, జీతం గురించో పై అధికారి గురించో అడగను. ఇంటికి తాళం వేసేటప్పుడు ఏమనుకుంటున్నారని అడుగుతాను. నేను మందుల షాపుకు వచ్చేటప్పుడు ఏమీ అనుకోను.

రత్నం కొట్లో నా ఉద్యోగం వల్ల పోయినవి ఇవి. పని రోజులు ఇరవై నాలుగు. చివరి సోమవారం పని చెయ్యలేదు కనుక అది కలపలేదు. ఎదుటి కొట్టుకు మళ్లిన పదకొండు మందిలో ఏడుగురు రత్నం దగ్గరికి తిరిగి వచ్చారు, నలుగురు రాలేదు. నేను పూర్తిగా పప్పు వేసిన పందొమ్మిది రోజుల్లో తాత రెండు మంగళవారాలు రాలేదు. మిగిలిన పదిహేడు మధ్యాహ్నాలకు, పూటకు గరిటెన్నర చొప్పున, ఇద్దరు ముసలివాళ్లకు అందకుండా పోయిన పప్పు ఇరవై అయిదున్నర గరిటెలు. నేను వేసిన చెంచాలు అందులోంచి తీసివెయ్యలేదు.