బరువు రేకు, తేలిక రేకు

ప్రయోగశాలలో ఆమెను అందరూ తుప్పమ్మ అనేవారు. మొదట్లో వెటకారానికి పెట్టిన పేరే, నవ్వి ఊరుకోవడంతో అతుక్కుపోయింది. లోహపు రేకుల్ని కొలిమిలో కాల్చి, పైన తుప్పులాంటి ఆక్సైడు పొర ఎంత మందాన పేరుకుందో కొలవడం ఆమె పని.

ఆ ఏడాది రెండు రకాల నికెల్ రేకులు వచ్చాయి. చూపుకు రెండూ ఒకటే. ఒకదాని పరమాణువుల్లో న్యూట్రాన్లు ఎక్కువ, అందుకే పిసరంత బరువు. బరువైన పరమాణువు నిదానంగా కదులుతుంది కాబట్టి, దాని మీద పొర కూడా కాస్త నిదానంగా పెరగాలి. పెరిగింది. కానీ పిసరంత బరువుకి సగానికి సగం తేడా! అది ఆమెకు మింగుడుపడలేదు. పరీక్ష చేయిస్తే తేలిక రేకులో, పొరను త్వరగా పెంచే గంధకం ఎక్కువని తేలింది. రెండింటినీ ఒకేలా శుద్ధి చేయించి మళ్లీ కాల్చింది. తేడా దాదాపు మాయమైంది.

అప్పటికే ప్రయోగశాల పెద్దసారు, బరువు రేకును చూపించి, తుప్పు పట్టని లోహం తన చేతిలో ఉందని ఊరంతా టాంటాం వేసుకున్నాడు.

"ఆ రెండో ప్రయోగం సంగతి ఎత్తకమ్మా. నేను మాటిచ్చేశాను."

"మాటిచ్చింది మీరు సార్. రేకులు మాటివ్వలేదుగా!"

వారం తిరక్కుండా సభ పెట్టాడు. తెర మీద మొదటి ప్రయోగం గీతలే, కింద ఆమె పేరు. చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది.

"ఆ గీతలు నావే. తప్పు. తప్పని ఈయనకి చెప్పాను కూడా."

"మా తుప్పమ్మకి కాస్త ఆవేశం ఎక్కువలెండి," అన్నాడాయన. సభ గొల్లుమంది.

"నా ఆవేశం తర్వాత. గంధకం సంగతి చెప్పండి ముందు!"

ఆయన తెర మీద తర్వాతి బొమ్మకు వెళ్లిపోయాడు. మర్నాడే కొలిమి గది తాళంచెవి లాక్కుని, ఆమెను సామాన్ల గదికి తోశారు. ఆమె రాజీనామా వాళ్ల మొహాన కొట్టి, గొట్టాల ఫ్యాక్టరీలో తుప్పు పరీక్షలకు చేరింది. పెద్దసారు ఆ గీతలతోనే ఒక పత్రికలో అచ్చేయించిన వ్యాసంలోంచి తన పేరు తీసేయమని పత్రిక వాళ్లతో ఏడాది పోట్లాడింది. చివరికి తీశారు. వ్యాసం మాత్రం అలాగే ఉంచారు.

పత్రిక పంపిన ఆ జవాబు చదివి, చేతిలో కప్పును సింకులోకి విసిరికొట్టింది. చెల్లెలు ఉలిక్కిపడింది.

"ఇంకేంటక్కా, నీ పేరు తీసేశారుగా?"

"అబద్ధం తియ్యలేదుగా!"

చెల్లెలు పెంకులు ఏరింది. ఆమె అక్కడే నిలబడి, పత్రికకు మళ్లీ ఫోన్ కలిపింది.