మబ్బు పట్టిన రోజుల్లో టైలరక్క

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ వీధిలో లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె టైలరక్కే. ముందు గదిలో కిటికీ వారగా కుట్టుమిషను, దాని వెనక గోడకు మేకులు, మేకులకు సగం కుట్టిన గౌన్లూ చేతుల్లేని చొక్కాలూ. నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని, వచ్చినవాళ్ళతో పెదాలు కదపకుండా మాట్లాడటం ఆమెకు బాగా అలవాటు. "రేపు రా" అన్న మాట ఆమె నోట గొణుగుడులా వినిపించేది. అయినా అందరికీ అర్థమయ్యేది, ఎక్కువగా ఆ మాటే అనేది కాబట్టి.

ఆ వీధి గుట్ట ఎక్కుతూ ఎక్కుతూ మూతబడిన నూలుమిల్లు గేటు దగ్గర ఆగిపోతుంది. కింద ఊళ్ళో బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంటు ఉన్న రోజుల్లో కూడా ఈ గుట్ట మీదికి కరెంటు వచ్చీ రానట్టే వచ్చేది. సాయంత్రమైతే బల్బులు జ్వరం వచ్చినవాడి కళ్ళలా ఎర్రగా మినుకుమినుకుమనేవి. తరవాత ప్లాంటు మూసేశారు. అందులో పనిచేసే టైలరక్క భర్తా మరిదీ ఒకే రోజు ఇంటికొచ్చి, ఒకే అరుగు మీద, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. కొన్నాళ్ళకు భర్త లారీ తోలడానికి పోయాడు. మరిది పక్క వాటాలో పెద్ద ఫ్రీజర్లు పెట్టి ఐసు దిమ్మలు అమ్మడం మొదలుపెట్టాడు.

ఫ్రీజర్లకు కరెంటు కావాలి కదా. ఊరి చివరి లైన్ల సంగతి పట్టించుకునే నాథుడు లేడు. కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళరిగాక వీధివాళ్ళంతా ఒక సంఘంగా కూడారు. మిల్లు కప్పు మీద సోలార్ పలకలు బిగించారు. ఒకప్పుడు నూలు కండెలు దాచిన గదిలో బ్యాటరీలు వరసగా పెట్టారు. గది గోడకు ఇంటికి రెండేసి మీటలు. పైమీట లైట్లకీ ఫ్యాన్లకీ, కిందిమీట మోటార్లకీ ఫ్రీజర్లకీ. వీధి దీపాలకు విడిగా ఒక లైను. మబ్బు పట్టి బ్యాటరీ సగానికి దిగిపోతే కిందిమీటలన్నీ ఆపెయ్యాలి, ఎండ వచ్చేదాకా ఎవరి మిషనూ తిరగకూడదు. ఇది అందరూ చేతులెత్తి ఒప్పుకున్న నియమం.

"ఆ మీటలు ఎవరు చూసుకుంటారు?" అని అడిగినప్పుడు మాత్రం చేతులెత్తినవాళ్ళంతా నేల చూపులు చూశారు. టైలరక్క ఇల్లు మిల్లు గేటుకు ఎదురుగానే ఉంది. "సరే, ప్రస్తుతానికి నేను చూస్తా లెండి" అంది ఆమె. ఆ ప్రస్తుతం ఏళ్ళకేళ్ళు సాగింది.

ఎండ కాసే రోజుల్లో అదేం పెద్ద పని కాదు. పొద్దున్నే వెళ్ళి బ్యాటరీ తెర మీద అంకె చూసి రావడం, దుమ్ము పట్టినప్పుడు నిచ్చెనెక్కి పలకలు తుడవడం. ఆ తుడిచే పని వంతులవారీగా అనుకున్నదే గానీ, వంతు వచ్చేసరికి ఒకరికి నడుం పట్టేసేది, ఇంకొకరికి చుట్టాలు వచ్చేవాళ్ళు. అసలు తల ప్రాణం తోకకు వచ్చేది మబ్బు పట్టినప్పుడు. కిందిమీటలు ఆపిన మరుక్షణం నుంచి ఆమె గుమ్మంలో ఎవరో ఒకరు. "అక్కా, ఒక్క గంట పిండిమిల్లు ఆడనియ్యి." "అక్కా, మా ట్యాంకు ఎండిపోయింది." అందరికీ ఒకటే జవాబు. తన మిషను మోటారు కూడా కిందిమీట మీదే ఉంది గనక, ఆ రోజుల్లో కాళ్ళతో తొక్కి కుట్టేది. సాయంత్రానికి మోకాళ్ళు చెప్పిన మాట వినేవి కావు.

ఆ యేడు వాన పట్టుకుంది, వదల్లేదు. ఆకాశం తడిసిన దుప్పటిలా గుట్ట మీద వాలిపోయి ఉంది. కిందిమీటలు ఎప్పుడో ఆపేసింది టైలరక్క. అయినా బ్యాటరీ అంకె పొద్దుపొద్దుకీ దిగిపోతూనే ఉంది. లైట్లూ ఫ్యాన్లూ అంత తాగవు. ఏదో లెక్క తప్పింది అనుకుంది. ఎవరినీ అడగడానికి ఓపిక లేక ఊరుకుంది.

ఒక తెల్లవారుజామున అంతా ఒక్కసారిగా ఆరిపోయింది. వీధి మధ్యలో వడ్రంగి తాత ఉన్నాడు. ఏళ్ళ తరబడి రంపప్పొడి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. ముక్కుకు గొట్టం పెట్టుకుని, పైమీట కరెంటుతో నడిచే ఊపిరి మిషను మీద బతుకుతున్నాడు. ఆ మిషను ఆగిపోయేసరికి ఆయన కోడలు వానలోకి పరుగెత్తుకొచ్చి కేకలు పెట్టింది. నలుగురూ చేరి, మూలనున్న ఆక్సిజన్ బండ దొర్లించుకొచ్చి గొట్టం తగిలించారు. తాత గట్టెక్కాడు. ఊపిరి అందాక, అందరి గుండెల్లోనూ అణిచిపెట్టుకున్న భయం కోపమై టైలరక్క మీదికి వచ్చింది.

"నువ్వు కనిపెట్టుకుని ఉండొద్దా అక్కా?" అంది కోడలు ఏడుస్తూ. "నీ మీద నమ్మకంతోనే కదా మేం పడుకునేది!"

టైలరక్క వెనక్కి తిరిగింది. తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చి, మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. కాసేపటికి లేచి లైను వెంబడి నడవడం మొదలుపెట్టింది. ప్రతి స్తంభం దగ్గరా ఆగి తలెత్తి చూసింది. మధ్యాహ్నం దాకా వీధంతా తిరిగి, ఏమీ దొరక్క, చివరికి తన పెరట్లోకే వచ్చింది. తనకూ మరిదికీ మధ్య ఉన్న సన్నటి సందులో, చూరు కింద ఆమె బట్టలారేసే తీగ ఉంది. ఆరీ ఆరని దుప్పటి మెల్లగా పక్కకు జరిపింది. తీగకు ఆనించి కట్టిన నల్లటి వైరు. వీధి దీపాల లైనులోంచి దిగి, గోడకున్న కన్నంలోంచి మరిది వాటాలోకి పోతోంది. ఇన్నాళ్ళూ దాన్ని తన బట్టలతో తనే కప్పుతూ వచ్చింది.

వెంటనే కేకలు వెయ్యలేదు. మిల్లుకు వెళ్ళి దీపాల లైను ఆపింది. కటింగ్ ప్లేరు తెచ్చుకుని స్టూలు ఎక్కింది. స్టూలు చప్పుడుకు మరిది బయటికి వచ్చాడు. భుజాన తువ్వాలు, ఐసు పట్టుకుని పట్టుకుని తెల్లగా ముడతలు పడ్డ వేళ్ళు.

"వదినా, ఆగు. ఒక్క రెండ్రోజులు కళ్ళు మూసుకో. ఎండొస్తే అన్నీ సర్దుకుంటాయి."

"పొద్దున తాత మిషను ఆగిపోయింది నాయనా."

"అది నావల్లే అని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే అంటున్నా."

అతను గోడకు ఆనుకున్నాడు. కోపం తెచ్చుకుందామని చూసి, అది రాక, నీరసంగా నవ్వాడు. "ఫ్రీజర్ల నిండా సరుకుంది. ఇది కరిగిపోతే కొట్లవాళ్ళు మళ్ళీ నా గుమ్మం తొక్కరు. వేరేవాళ్ళను చూసుకుంటారు."

"తెలుసు."

"తెలిసే కోస్తున్నావా?"

ఆమె చెయ్యి ఆగింది. వాన చినుకులు చూరు మీంచి ఆమె మోచేతి మీద పడుతున్నాయి.

"ప్లాంటు మూసిన రోజు కూడా ఎవడో ఒకడు మీట నొక్కే ఉంటాడు" అన్నాడు మరిది. "వాడి మొహం నేను చూళ్ళేదు. ఇప్పుడు నువ్వు నొక్కుతున్నావు. నీ మొహం రోజూ చూడాలి కదా వదినా నేను."

ఆమె వైరు కోసింది. స్టూలు దిగేటప్పుడు మోకాలు మడతపడి తూలితే, అతనే చెయ్యి పట్టుకుని దించాడు. దించి లోపలికి వెళ్ళిపోయాడు.

టైలరక్క ఈ సంగతి ఎవరి చెవినా వెయ్యలేదు. వెయ్యక్కర్లేకపోయింది కూడా. మర్నాటికి ఫ్రీజర్లలోంచి నీళ్ళు గడప దాటి, వాన నీళ్ళతో కలిసి వీధి పొడుగునా పారాయి. వాన నీళ్ళకు పొగ రాదు, ఆ నీళ్ళ మీద మాత్రం ఐసు చలికి తెల్లగా పొగ తేలింది. మీటలు ఆపి అన్నాళ్ళయినా ఐసు ఇప్పుడే కరగడమేమిటని ఊహించగలిగినవాళ్ళు ఊహించారు. మిగతావాళ్ళకు వాళ్ళు చెప్పారు.

లారీ దిగి ఇంటికొచ్చిన భర్త కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగాడు. "వీధిలో ఇంతమంది ఉండగా, నీకు మా తమ్ముడే దొరికాడా?"

"వైరు మన బట్టల తీగకే దొరికింది మరి."

"వాడితో ఒక మాట చెప్పి ఊరుకోవచ్చుగా. అన్నిటికీ నువ్వే ముందు నిలబడాలా? ఆ పలకలు నీకేమన్నా మేనత్త బిడ్డలా?"

ఇంకో రోజైతే ఆమె కూడా నాలుగు అంటించేదే. ఆ రోజు మాత్రం "అలిసిపోయానండీ" అంది. ఆ గొంతు విని భర్త ఇంక రెట్టించలేదు. మిషను మీద పరిచి ఉన్న గుడ్డను ఊరికే మడతపెట్టాడు, అదీ తప్పుగా.

వాన వెలిశాక మిల్లు ఆవరణలో సంఘం కూర్చుంది. టైలరక్క బ్యాటరీ గది తాళాలు తెచ్చి మధ్యనున్న బల్ల మీద పెట్టింది. "ఇక నావల్ల కాదు. ఇంకెవరైనా తీసుకోండి."

అందరూ ఒక్కసారే నోరు విప్పారు. "అదేంటక్కా!" "నీలాగా చూసుకునేవాళ్ళు ఎవరున్నారు?" "నీ చేతిలో ఉంటేనే మాకు ధైర్యం."

"నేను బాగా చేస్తున్నానని చెప్పకండి" అంది ఆమె. గొంతు పెంచలేదు. "అది విని విని చెవులు తూట్లు పడ్డాయి. నేను తీసుకుంటా అని ఎవరైనా చెప్పండి, అది వింటా."

టీకొట్టు ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకు మీటలంటే భయమమ్మా. మా ఇంట్లో లైటు కూడా మా ఆవిడే వేస్తుంది." కొందరు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

అప్పుడు తాత కోడలు లేచింది. "తాళాల సంగతి తరవాత. కరెంటు లాగింది ఎవరో ముందు తేల్చండి. అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. అక్కా, వైరు కోసింది నువ్వే కదా. నువ్వు చెప్పు."

టైలరక్క తల వంచుకుని చీర అంచున ఊడిన దారం లాగుతూ కూర్చుంది. ఆ దారం ఎంత లాగినా వస్తూనే ఉంది. వెనక వరసలోంచి ఆమె తోటికోడలు లేచి నిలబడింది. గట్టిగా మాట్లాడటం అలవాటు లేని మనిషి. ఇంటికి ఐసు కోసం వచ్చినవాళ్ళకు కూడా వేళ్ళతోనే లెక్క చెప్పేది.

"మా ఇంట్లోంచే పోయింది" అంది. "ఆయన లాగుతుంటే నిచ్చెన పట్టుకుంది నేనే. తాత సంగతి నాకు తట్టలేదు. తట్టి ఉంటే... ఏమో, అప్పుడు కూడా పట్టుకునేదాన్నేమో." పక్కనున్న మరిది చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయాడు. ఆమె విదిలించుకుని ముందుకు వచ్చి బల్ల మీది తాళాలు తీసుకుంది. "ఇవి నాకివ్వండి."

అందరూ గోల చేశారు. "బాగుంది! లాగినవాళ్ళ చేతికే తాళాలా?"

"మరి మీరు తీసుకోండి" అని ఆమె తాళాలు చాచింది, ముందు వరసలో ఒకరి తరవాత ఒకరికి. ఎవరి చెయ్యీ లేవలేదు. తాత కోడలు చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. "పొద్దున్నే ఒకసారి మా ఇంటికొచ్చి మిషను చూసి వెళ్ళు. ఆ తరవాతే మిల్లుకు పో" అంది. తోటికోడలు సరేనంది. తాళాల సంగతి అలా తేలింది.

మర్నాడు బ్యాటరీ గదిలో టైలరక్క ఆమెకు ఒక్కొక్కటే చూపించింది.

"తెర మీద అంకె చూసి నిర్ణయించు. మనుషుల మొహాలు చూశావా, చెయ్యి వణుకుతుంది."

"నీకు వణికేదా అక్కా?"

"ప్రతిసారీ."

పని చేతుల్లోంచి పోయింది గానీ ఒంట్లోంచి పోలేదు. పొద్దున్నే మెలకువ వచ్చేది. గుమ్మంలోకి వచ్చి ఆకాశం చూసేది. మిల్లు గేటు దాకా నడిచి, తనకేం పనిలేదని గుర్తొచ్చి, వెనక్కి వచ్చేది. హాయిగా ఉంటుందనుకుంది. హాయిగా లేదు, దిగులుగానూ లేదు. పెద్ద జబ్బు నుంచి లేచిన మనిషికి ఉండే ఖాళీతనం. జనం మాత్రం పాత అలవాటు కొద్దీ "అక్కా, కరెంటు" అంటూ వచ్చేవాళ్ళు. గుండుసూదులు నోట్లో పెట్టుకుని పక్క వాటా వైపు వేలు చూపించేది.

మరిది కొన్ని కొట్లు పోగొట్టుకున్నాడు. అవి తిరిగి రాలేదు. రెండు ఫ్రీజర్లు అమ్మేసి, మిగిలినవి ఎండ మండే వేళలోనే నడుపుతున్నాడు. తాత కొట్టంలోంచి రంపప్పొట్టు బస్తాలు మోసుకొచ్చి, దిమ్మలను అందులో కప్పి ఉంచుతున్నాడు. అవి బస్తాలు కప్పుకుని రోజులు ఓర్చుకుంటున్నాయి. వదినతో మాట్లాడుతున్నాడు, అవసరమైనంతే. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నాడు. అంతకు ముందు ఆమె పని చేసుకుంటుంటే కిటికీలోంచి ఏదో ఒక వేళాకోళం విసిరి పోయేవాడు. అది మానేశాడు.

మళ్ళీ వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తోటికోడలు తడిసి ముద్దై వచ్చింది. గుమ్మంలో పాదాలు దులుపుకుని, పిలవకుండానే లోపలికొచ్చి, గుడ్డపీలికల కుప్ప పక్కన కూలబడింది.

"ఆపేశావా?" అంది టైలరక్క.

"ఆపేశా. మా ఇంటిదే ముందు ఆపా." గోడకు తల ఆనించింది. "ఇంటికెళ్ళలేను అక్కా ఇప్పుడే. ఆయన ఏమీ అనడు. అదే భరించలేను."

టైలరక్క మిషను ఆపి, కుడుతున్న చొక్కా చెయ్యి ఒకటీ, సూదీ దారమూ ఆమె ఒళ్ళో పెట్టింది. "అంచు మడిచి కుట్టు. నా కళ్ళు లాగుతున్నాయి."

తోటికోడలు వంకరటింకరగా కుట్టసాగింది. టైలరక్క చూసింది, విప్పి మళ్ళీ కుట్టుకోవాలి అనుకుంది. బల్ల మీద కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుంది. గుమ్మంలో ఎవరో "అక్కా" అని పిలిచారు. ఇద్దరిలో ఎవరూ పలకలేదు.