హెల్ప్ పేజీల్లో ఎస్తేరక్క పేరు

నిన్న పొద్దున ఎస్తేరక్క నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది.

"అమ్మ ఇక లేదు."

వెంటనే రిప్లై పెట్టాను. "అయ్యో, ఎప్పుడక్కా? ధైర్యంగా ఉండు. బయలుదేరుతున్నా."

పంపేశాక గుర్తొచ్చింది. అక్క వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళైంది. ఆమె మట్టి కార్యక్రమానికి నేనూ వెళ్ళాను.

మరి ఈ మెసేజ్ ఎవరిది? ఎవరి గురించి?

కాసేపటికి ఆ నంబర్ నుంచే కాల్ వచ్చింది. అక్క కూతురు దీవెన.

"ఆంటీ, మమ్మీ ఫోన్ నుంచి నేనే పెట్టిన. గుండె నొప్పి అన్నది. దవాఖానాకు పోయేలోపే..."

అంటే నేను ధైర్యం చెప్పింది చనిపోయిన మనిషికి. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా బస్సులో అదొక్కటే తిరిగింది నా బుర్రలో. ఏడుపు కూడా రాలేదు.

తెలియని వాళ్ళకు చెబుతున్నాను. తొంభైల చివర్లో ఎస్తేరక్క భద్రాచలంలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేది. మిషన్ల పక్కన కొత్తగా రెండు కంప్యూటర్లు పెట్టింది. నేను అక్కడ నేర్చుకోవడానికి వెళ్ళి, ఇంకెక్కడికీ పోకుండా ఉండిపోయాను.

ఎవరో దూరపు ఊరి ఇంజనీరు తెలుగులో టైపు చేసే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి, దాని కోడ్ అందరికీ తెరిచి పెట్టాడు. ఎవరైనా చూడొచ్చు, సరిచేసి పంపొచ్చు. జీతం గీతం లేదు. ఓపెన్ సోర్స్ అనే మాట మేం మొదటిసారి విన్నది అప్పుడే.

అందులో "స్త్రీ" అని కొడితే వత్తులు విడిపోయి పక్కకు పడేవి. ఆ కోడ్‌తో కుస్తీ పట్టి సరిచేశాను. భద్రాచలంలో మాకు ఇంటర్నెట్ లేదు. ఫ్లాపీ పట్టుకుని బస్సులో ఖమ్మం పోయి, అక్కడి నెట్ సెంటర్ నుంచి పంపాను.

ఆ ఇంజనీరు నుంచి జవాబొచ్చింది. కోడ్ బాగుంది, కానీ వాడేవాళ్ళకు ఎలా తెలియాలి? వివరణ రాసి పంపితేనే తీసుకుంటాం.

నాకు అలా విడమరిచి రాయడం రాదు. దిగులుగా కూర్చుంటే అక్క అడిగింది.

"ఏంది గట్ల మొఖం పెట్టినవ్? నువ్వు చెప్పు, నేను రాస్త."

నా వత్తుల ముక్క ఒక్కటే కాదు, మొత్తం ప్రోగ్రామ్‌ను ఎలా వాడాలో చెప్పే హెల్ప్ పేజీలు రాసింది. రాసిన ప్రతి పేజీనీ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చినవాళ్ళ చేతిలో పెట్టి, చదివి చేయమనేది. తను నోరు మెదపకుండా పక్కన నిలబడి చూసేది.

ఒకసారి మా పాస్టరమ్మ సండే స్కూల్ కార్డు టైపు చేసింది. సేవ్ చేయగానే స్క్రీన్ మీద వచ్చింది: "మీ ఫైలు రక్షించబడినది."

పాస్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది. "ఫైలు కూడా రక్షణ పొందిందా, ఎస్తేరూ?"

నేను పడీ పడీ నవ్వాను. అక్క నవ్వలేదు. ఆ మాట తీసేసి నాతో "మీ ఫైలు దాచాం" అని పెట్టించింది.

తర్వాత ఒక కండక్టరు లీవు లెటర్ టైపు చేయడానికి వచ్చి అడిగాడు. "దాచింది సరే మేడమ్, మళ్ళ అడిగితే ఇస్తదా?"

అక్క ఆ రోజు అన్నం మానేసి ఆలోచించింది. చివరికి కింద ఒక వాక్యం చేర్చింది. "దాచినది మీదే. ఎప్పుడు కావాలన్నా తీసుకోవచ్చు."

సరిచేసిన ప్రోగ్రామ్ విడుదలయ్యే ముందు ఆ ఇంజనీరు పనిచేసినవాళ్ళ పేర్లు పంపమన్నాడు. అక్క నా పేరొక్కటే పంపమంది. కోడ్‌కూ నాదే, పేజీలకూ నాదే.

ఎందుకక్కా అంటే, "పేరు పెడితే తప్పులకు కూడా నన్నే పట్టుకుంటరు సరళా" అంది.

నమ్మాను. తర్వాత ఎన్నోసార్లు కలిశాం, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

నిన్న సాయంత్రం మట్టి కార్యక్రమానికి ముందు, అక్క గురించి నాలుగు మాటలు రాసివ్వమన్నారు. దీవెన కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మమ్మీ కంప్యూటర్‌ల ఏదో పుస్తకం రాసిందంట కదా ఆంటీ. దాంట్ల మమ్మీ పేరు లేదేంది?"

అక్క నాతో అన్న మాటే చెప్పాను.

పక్కనే ఉన్న పాస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "కాదమ్మా. నేనూ అడిగిన. దేవునికి తెలిస్తే చాలన్నది."

గోడకు ఒరిగి కూర్చున్న బావ మెల్లగా అన్నాడు. "నాతోని గట్ల చెప్పలే. సరళకు ఉద్యోగం రావాలె, దాని పేరే ఉండనీ అన్నది."

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగింది ఆ పేజీల గురించే.

మూడింట్లో ఏది నిజం? మూడూనా? లేక ఎవరికి ఏది చెబితే ఊరుకుంటారో అది చెప్పిందా? ఇన్నేళ్ళ స్నేహంలో నాకు తెలిసిన ఎస్తేరక్క ఎవరో, ఇప్పుడు నాకే తెలియడం లేదు.

ఈ రోజు పొద్దున దీవెన ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ ప్రోగ్రామ్ ఇంకా నెట్‌లో ఉంది. పేజీలూ ఉన్నాయి. ఇప్పటికీ ఎవరైనా సవరణ పంపొచ్చు. పేజీలు రాసినవారు అన్నచోట నా పేరు తీసేసి "ఎస్తేరు" అని కొట్టి నా వైపు చూసింది.

"అమ్మ వద్దన్నది కదరా" అన్నాను.

"నాకు చెప్పలే ఆంటీ."

పంపమన్నాను. పంపింది.

చేసింది తప్పో ఒప్పో తెలియదు. చెప్పాల్సిన మనిషి లేదు.

కోపమొస్తే నా మీదే పడు, అక్కా. పిల్లను ఏమనకు.

ప్రభువు ఒడిలో నిమ్మళంగా నిద్రపో.