సగం తిప్పు

సెకి ఊరి కత్తుల ఫ్యాక్టరీలో షిజుయో బల్ల మీద రోజూ ఒక కొన్న్యాకు పలక, దుంపపిండితో చేసిన మెత్తటి తిండిముద్ద, వణుకుతూ ఉంటుంది. డాక్టర్లు ఒంటిమీంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడానికి ఒక్కసారి వాడి పారేసే గొట్టంలాంటి కత్తి పదును చూడటానికి, ఆమె దాన్ని చర్మానికి బదులు ఆ పలకలో గుచ్చి, కళ్లు మూసుకుని మణికట్టు సగం తిప్పుతుంది. సానపట్టిన అంచయితే ఆ సగంలోనే ముక్క తెగుతుంది. కొత్త యంత్రం నొక్కి తీసిన అంచయితే మరో సగం తిప్పాలి. అదీ ఫ్యాక్టరీ పెట్టిన హద్దులోనే కనుక పాస్ చేస్తుంది. ఇంట్లో భర్త పులుసులో కొన్న్యాకు చూసి, "దీనికి చిల్లుల్లేవేం? అందుకే ఉప్పు పట్టలేదు," అంటాడు. ఆమె నవ్వదు, దాన్ని ముట్టదు కూడా.

ఈ వసంతంలో ఆమె ముంజేతి మీది పుట్టుమచ్చ నల్లబడింది. డాక్టరు మత్తిచ్చి, ఆమె ఫ్యాక్టరీ కత్తే గుచ్చాడు. నొప్పి తెలియలేదు గానీ, ఆయన మణికట్టు రెండోసారి తిరగడం ఆమె చూసింది. వారం తర్వాత, "ముక్క అంచులు నలిగిపోయాయండీ, ఏమీ తేలలేదు. ఇంకోటి తీయాలి," అన్నాడు. రెండో ముక్క తీశాక మళ్లీ వారం ఎదురుచూపు. అన్నం సయించలేదు. చివరికి భయమేం లేదని తేలింది. మర్నాడు ఫ్యాక్టరీలో షిజుయో కొత్త యంత్రం తీసిన కత్తిని కొన్న్యాకులో గుచ్చి, సగం తిప్పి ఆగింది. ముక్క తెగలేదు. కత్తిని పనికిరానివి వేసే ఎర్ర ట్రేలో పడేసింది. సూపర్వైజర్ నగాయా చూశాడు.

"అదేంటండీ షిజుయో గారూ, హద్దులోనే ఉందిగా? నిన్నటిదాకా మీరే పాస్ చేశారు."

"చేశాను," అంది, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ. "కొన్న్యాకు ఫలితం కోసం ఎదురుచూడదు కదండీ."